అడిగి తాగిన అంబలి

నైవేద్యం కాకముందు నోట్లో మెతుకు పడితే స్వామికి నిజంగా కోపం వస్తుందా? చక్కెర జబ్బు బయటపడి, రోజూ సూది వేసుకోవడం మొదలైనప్పుడు శైలజకు పుట్టిన అనుమానమది. ఏళ్లు గడిచినా ఎవరినీ అడగలేదు. అడిగితే అత్త సరస్వతమ్మనే అడగాలి. ఆమె జవాబు అడగకుండానే తెలుసు.

"సూది వేసుకున్న అరగంటలో తినాలమ్మా, లేదంటే ఒంట్లో చక్కెర తగ్గి పడిపోతావు" అని హిందూపురం డాక్టరు చెప్పినప్పుడు భర్త బాలాజి పక్కనే ఉన్నాడు. ఇంటికొచ్చి తల్లితో, "ఏందో, టయానికి తినమన్నాడు లేమ్మా" అన్నాడు. అరగంట అన్న మాట దారిలోనే ఎక్కడో జారిపోయింది. సూదిమందు సీసా ఫ్రిజ్జులో పెట్టబోతే సరస్వతమ్మ పాలగిన్నె బయటికి తీసేసింది. "అది పందినుంచి తీస్తారంట కదా. పాల పక్కన పెడతావా?" అప్పటినుంచి ఆ సీసా స్నానాలగది మూల, తడి ఇసుక పోసిన కుండలో ఉంటోంది.

వాళ్లది బెల్లం మండీ. ముందుగదిలో ఎప్పుడూ ఇరవై బస్తాలకు తక్కువుండవు. తొంభై మూడులో, శ్రావణమాసం చివరి శనివారం, శైలజ ఆ బెల్లంతోనే నైవేద్యం ఓళిగలకు పూర్ణం కలుపుతోంది. ఎనిమిదికి పూజ అన్నారని ఏడున్నరకు సూది వేసుకుంది. పదైనా అయ్యవారు రాలేదు. ఒళ్లంతా చెమటలు. చేతులు వణుకుతున్నాయి. గోడమీది క్యాలెండరు రెండుగా కనబడుతోంది. మోచేతుల దాకా బెల్లం అంటుకుని ఉంది, ఒక్క వేలు నాకితే చాలు. నాకలేదు. ఎంగిలైతే పూర్ణమంతా పారబోయాలి, ఆ మాట పదేళ్లు పడాలి.

ఎలాగో పెరట్లోకి నడిచి, పిట్టగోడ మీద వాలి, అవతలి గుడిసెలో ఉండే కూలిమనిషి తిప్పమ్మను పిలిచింది. "తిప్పమ్మా, తాగేకి ఏమన్నా ఉంటే ఇయ్యి."

తిప్పమ్మ ఆమె మొహం చూసి, గబగబా లోపలికి వెళ్లింది. మండీలో బస్తాలు సర్దినందుకు ఇచ్చిన బెల్లం ముక్కను రాగి అంబలిలో చిదిమి, తన చెంబుతోనే అందించింది. శైలజ గటగటా తాగింది. వెనక సరస్వతమ్మ గొంతు వినబడింది.

"మూతికి ఏమది?"

"నేను వద్దంటానే ఉండా, తిప్పమ్మే నోట్లో పోసింది అత్తా."

ఆ రోజు తిప్పమ్మను వీధి వీధంతా వినేలా తిట్టింది సరస్వతమ్మ. పెరటి బోరు దగ్గర నీళ్లు పట్టుకోవద్దంది. తిప్పమ్మ శైలజ వైపు ఒక్కసారి చూసి, బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఏడేళ్లుగా నీళ్లు వీధి చివరి కొళాయి నుంచి మోస్తోంది. ప్రతి శ్రావణంలోనూ సరస్వతమ్మ చుట్టాలకు ఆ కథ చెబుతోంది. శైలజ ఓళిగలు ఒత్తుతూ వింటోంది.

ఈ శనివారం కూడా అయ్యవారు ఆలస్యం. ఏడున్నరకు సూది వేసుకున్న శైలజ, ఎనిమిదికి గిన్నెలో బొరుగుల ఉగ్గాని పెట్టుకుని నడవలోకి వచ్చేసరికి, సరస్వతమ్మ చుట్టాలతో చెబుతోంది: "ఆ తిప్పమ్మ మా కోడలి నోట్లో అంబలి పోసి, ఇంటి మడంతా చెడగొట్టె వదినా."

"ఆయమ్మ పొయ్యలేదత్తా. నేనే అడిగి తాగినా. ఇంటినిండా బెల్లం పెట్టుకోని, పక్కింట్లో అడుక్కున్నా."

బాలాజి తలెత్తాడు. "ఇప్పుడెందుకే అవన్నీ? అందరూ ఉండారు."

"అందరూ ఉండారనే చెప్తాండా."

ఆమె అక్కడే కూర్చుని ఉగ్గాని చివరి ముద్ద దాకా తింది. చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్లింది. గోడ అవతల తిప్పమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని వీధిలోకి బయలుదేరుతోంది.

"తిప్పమ్మా, అంబలి నేనే అడిగి తాగినానని మా అత్తకు చెప్పినా. చుట్టాలందరి ముందరా చెప్పినా."

తిప్పమ్మ ఆగింది. "ఏడేండ్లు పట్టెనా శైలజమ్మా, ఆ మాట చెప్పేకి? నా నడుం ఇరిగినాక చెప్తాండావు."

శైలజ గోడ మీదుగా చెయ్యి చాచి, బిందె అందుకుని, బోరు కింద పెట్టి కొళాయి తిప్పింది. లోపల అయ్యవారు వచ్చాడని పిలుస్తున్నారు. బిందె నిండేదాకా ఆమె కదల్లేదు.