మీ బాపు లాంటివాడే

“నాకద్దు.”

గుండెల లోతు నీళ్లలో నిలబడి నీరజ ఆ మాట రెండోసారి అంది. ఈసారి వెనక చాపల మీద కూర్చున్నవాళ్లకు కూడా వినిపించింది.

బతుకుదెరువుకు వలస వచ్చిన ఉధ్నాలో, మరమగ్గాల షెడ్డు మీద అద్దెకు తీసుకున్న ప్రార్థన హాలు అది. కింద సాంచాలు ఆదివారమైనా ఆగవు. వాటి దడకు నేల అదిరి, నీలం ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి. పాస్టర్ వరప్రసాద్ చెయ్యి నీరజ తల మీద అలాగే ఉండిపోయింది. ముంచాలో తియ్యాలో ఆయనకు తెలియలేదు.

ఆయన అడిగింది చిన్న ప్రశ్న. బాప్తిస్మానికి ముందు అందరినీ అడిగేదే. దేవుణ్ణి తండ్రిగా ఒప్పుకుంటున్నావా? పిల్ల మాట్లాడకపోతే భయపడిందనుకున్నాడు. గోదావరి వైపు మనిషి, మెత్తని మాట. “కంగారు పడకమ్మా. తండ్రంటే ఎవరో అనుకోకు. అచ్చం మీ బాపు లాంటివాడే” అని నవ్వాడు.

అప్పుడంది నీరజ, నాకద్దని.

రెండో వరుసలో కూర్చున్న వినోదకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అందరూ ట్యాంకులో ఉన్న పిల్లను వదిలేసి కన్నతల్లిని చూస్తున్నారు. పక్కనుంచి అత్త రాజమ్మ తొడ మీద గిల్లింది.

“గిదేనా నువ్వు నేర్పింది? నా కొడుకును సంఘపెద్దను చేసే దినమే ఇజ్జత్ తీస్తదా నీ బిడ్డ?”

నీ బిడ్డ. పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన రోజు ‘నా కొడుకు బిడ్డ’.

ముందు వరుసలో వినోద భర్త కొత్త తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆ చొక్కాకు తెల్లారకముందే ఇస్త్రీ చేసింది వినోద. ఇంతమందికీ బగారన్నం వండింది కూడా తనే. ఆయన ప్రార్థనకు ఉధ్నా అంతా పేరుంది. కళ్లు మూసుకుని “తండ్రీ” అని గొంతు వణికించాడంటే ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకోవాల్సిందే. మొదట్లో వినోద కూడా ఒత్తుకుంది. తర్వాత తర్వాత ఆ గొంతు ఇంటికి రాగానే ఎక్కడికి పోతుందా అని ఆలోచించేది. ఇంట్లో ఆయనకు దేవుడు వేరే పనికొచ్చేవాడు. “దేవుడంతటోడే కొడుకును కన్నడు. నీతోని అది గూడ కాలే” అనేవాడు, నీరజ చదువు ఫీజు అడిగినప్పుడల్లా. ఆ కొడుకు కథలో వినోదకు నచ్చిన చోటు ఒకటుంది, ఎవరికీ చెప్పలేదు. సిలువ మీద కొడుకు తండ్రిని గట్టిగానే అడిగాడు, నన్నెందుకు వదిలేశావని. అంత మాట అన్నందుకు ఆ కొడుకును పెంకివాడని ఎవరూ అనలేదు. మొన్న సాయంత్రం ఫోన్లో స్నేహితురాలితో గట్టిగా నవ్వినందుకు లోపలి గదిలో బెల్టు లేచినప్పుడు నీరజ బాపూ అని అరవలేదు. అమ్మా అని అరిచింది. వినోద వంటింట్లో కూలికి తెచ్చిన చీరకు మెరుపు రాళ్లు అతికిస్తోంది. గమ్ము చేత్తోనే లేచి వెళ్లి, పక్కింటివాళ్లు వింటారని, టీవీ సౌండ్ పెంచింది. రిమోట్ మీద ఆ వేలిముద్ర ఇంకా అంటుకునే ఉంది.

“పర్లేదు, మళ్లీ ఎప్పుడైనా చూద్దాం. బయటికి రామ్మా” అని పాస్టర్ చెయ్యందించాడు.

నీరజ జనం వైపు వీపు పెట్టి ట్యాంకులోంచి దిగింది. తడిసిన తెల్లగౌను వీపుకు అతుక్కుపోయింది. దాని కింద వంకాయ రంగు వాతలు, అడ్డంగా, ఒకదాని మీద ఒకటి.

పాస్టర్ వంగి చూశాడు.

“ఇదేంటమ్మా? ఎవరు కొట్టారు?”

“బాత్‌రూంల జారిపడ్డది అయ్యగారూ” రాజమ్మ అందుకుంది.

“జారిపడితే ఇలా గీతలు పడతాయా?”

భర్త లేచాడు. తొణకలేదు. “సైతాను పిల్ల మనసు చెడగొడుతున్నడు అయ్యగారూ. అందరం ప్రార్థన చేద్దాం. తండ్రీ…”

ఆ ఒక్క మాటకు అలవాటుగా అందరి తలలూ వంగాయి. అందరి కళ్లూ మూతపడ్డాయి. పాస్టర్‌వి కూడా. తెరిచి ఉన్నవి రెండు జతలే. ఇటు తిరిగి నీరజ తల్లిని చూస్తోంది.

ఆ చూపు వినోదకు తెలుసు. రేషన్ ఆఫీసులో, దవాఖానాలో, బ్యాంకులో భర్త పేరేమిటని అడిగినప్పుడల్లా తనే పిల్లను మోచేత్తో పొడిచేది. మాటలొచ్చిన నాటినుంచి ఆ పేరు తల్లికి బదులు నీరజే చెప్పింది. మొగుని పేరు నోట్లకెల్లి వస్తే ఆయుష్షు తగ్గుతదని పెళ్లినాడు రాజమ్మ అంది. దేవుణ్ణి మార్చుకున్నారు గానీ ఆ భయాన్ని మార్చుకోలేదు. ఇప్పుడు నీరజ పెదాలు బిగించుకుంది. ఈసారి చెప్పనంటోంది.

వినోద లేచింది. సిగ్గు ఎక్కడికీ పోలేదు. రాజమ్మ కొంగు పట్టి లాగింది. “కూసో! పిచ్చి లేసిందా?”

కొంగు విడిపించుకుంది.

“జర ప్రార్థన ఆపుండ్రి.”

తలలు లేచాయి. ఒక్కో కన్నూ తెరుచుకుంది.

“ఎవరు కొట్టిండ్రని అడిగిండ్రు గద అయ్యగారూ. బిడ్డ అమ్మా అని మొత్తుకుంటె టీవీ సౌండ్ పెంచింది నేను. కొట్టింది…”

అలవాటు లేని అక్షరాల దగ్గర నాలుక తడబడింది. భర్త ముఖంలోకి చూసింది.

“రాజలింగం.”