రాసివ్వని మాట

గ్రేసమ్మ టీచరుగారి ఇంట్లో పదకొండు కిటికీలు, ఒక కారు షెడ్డు. తొమ్మిదేళ్లు వాటిని తెరవడం, మూయడం నా పని. అదీ ఒక పనేనా అని ఎవరైనా అనుకోవచ్చు. నరసరావుపేట ఎండ తెలిసినవాళ్లు, టీచరమ్మ కళ్ల సంగతి తెలిసినవాళ్లు అలా అనుకోరు.

ఆమె కళ్లకు నీటికాసులు. రెండుసార్లు ఆపరేషన్ అయింది. ఉన్న కాస్త చూపును చుక్కల మందుతో కాపాడుకుంటోంది. ఎండ సూటిగా పడితే తల పట్టుకుని కూర్చుంటుంది. వెలుతురు తగ్గితే బైబిల్ చదవలేదు. అందుకని పొద్దుతో పాటు నేనూ ఇంటి చుట్టూ తిరుగుతూ, వెదురు తెరలకు కట్టిన తాళ్లు లాగుతూ, వదులుతూ ఉండేదాన్ని.

షెడ్డుకు షట్టరు బిగించింది మా ఆయన అహ్మద్. ఊళ్లో సగం దుకాణాలకు ఆయనే బిగించాడు. ఆయన గుండె ఆగి పోయాక షెడ్డు పక్క గది ఇచ్చి, పని ఇచ్చి నన్ను నిలబెట్టింది టీచరమ్మే. యాభై దాటిన నాచేత పలక పట్టించిందీ ఆమే. మధ్యాహ్నం అన్నాలయ్యాక రోజుకో వాక్యం రాయించేది. ఆ గది తప్ప నాకంటూ ఇంకో చోటు లేదు. చివరిదాకా అందులోనే ఉంటాననుకున్నాను.

పోయిన క్రిస్మస్ కి టీచరమ్మ కొడుకు జోయెల్ గుంటూరులో ఒక స్నేహితుడి ఇంటికి వెళ్లొచ్చాడు. జోయెల్ కు పిడుగురాళ్లలో సున్నం బట్టీలున్నాయి. ఆ స్నేహితుడి ఇంట్లో కిటికీ తెరలు వాటంతటవే లేస్తున్నాయట, కారు గుమ్మంలోకి రాగానే షట్టరు దానంతటదే పైకి పోతోందట. జనవరిలో ప్రభు అనే అతను అట్టపెట్టెలతో దిగాడు.

ప్రభు మర్యాద తెలిసినవాడు. నన్ను పిన్నీ అని పిలిచాడు. వెదురు తెరలు పీకేసి, లోపల మోటారున్న గొట్టాలకు చుట్టిన గుడ్డ తెరలు బిగించాడు. ఇంటర్నెట్ పెట్టె పక్కన ఇంకో చిన్న తెల్ల పెట్టె పెట్టాడు.

"ఈ పెట్టె అన్ని మోటార్లతోనూ మాట్లాడతది పిన్నీ. ఫోన్లో ఒక్కసారి టైములు పెడితే చాలు. ఇంక ఎవరూ ముట్టుకునే పన్లేదు."

షట్టరుకు మోటారు తగిలించేటప్పుడు పక్క పట్టాలు తడిమి చూశాడు. "ఎవరు బిగించారోగానీ చెయ్యి తిరిగిన మనిషి. నూలుపోగంత కూడా పక్కకి పోలేదు," అన్నాడు. ఆ రోజు అతనికి రెండుసార్లు టీ పెట్టిచ్చాను.

అన్నీ బిగించాక ప్రభు జోయెల్ భార్య షెర్లీని అడిగాడు, ఏ కిటికీ ఏ టైముకి అని.

"నాకేం తెలుసు? పీరాంబీనడుగు," అంది షెర్లీ.

చెప్పడం మొదలుపెట్టాను. మూడో కిటికీ దగ్గరికి వచ్చేసరికి ప్రభు ఫోను పక్కన పెట్టేశాడు. "ఆగు పిన్నీ, ఆగు. ఇదంతా నా బుర్రకెక్కదు. రాసిస్తావా?"

షెర్లీ నవ్వింది. "ఆమెకి రాయడం కూడానా?"

లోపలి గదిలోంచి టీచరమ్మ అరిచింది. "ఏమే షెర్లీ, నా స్టూడెంటంటే ఏమనుకున్నావ్? రాసివ్వవే పీరాంబీ. ఒక్కటి కూడా వదలమాక."

మూడు మధ్యాహ్నాలు కూర్చుని రాశాను. టీచరమ్మ గది తూర్పు కిటికీ ఏడు గంటలకు మూయాలి, తొమ్మిదిన్నరకు బైబిల్ కోసం సగం ఎత్తాలి. మార్చి నుంచి జూన్ దాకా సాయంత్రం నాలుగింటికి మళ్లీ మూయాలి, ఎందుకంటే ఎదురుగా కొత్తగా కట్టిన అద్దాల మేడ మీద పడమటెండ పడి తూర్పు కిటికీలోకి తిరిగొస్తుంది. ఆ ఎండ తగ్గాక ఎత్తి, ఏ కాలమైనా దోమలు రాకుండా ఆరున్నరకు దించాలి. కల్లాల్లో మిర్చి ఆరే రోజుల్లో మధ్యాహ్నం గాలికి ఘాటు వస్తుంది, వంటింటి వైపువి తెరవకూడదు. కారు బయటికి పోయాక షట్టరు రెండు నిమిషాల్లో దించాలి, లేకపోతే కుక్కలు దూరతాయి. ఇట్లా నాలుగు పేజీలు.

టీచరమ్మ భూతద్దం పెట్టుకుని, ఎర్రపెన్నుతో దిద్దింది. "పదికి తొమ్మిది," అంది. "చేతిరాత బాగాలేదని ఒకటి కోసేశా."

ప్రభు ఆ కాగితాలు ముందు పెట్టుకుని అంతా ఫోన్లోకి ఎక్కించాడు. కిటికీల పేర్లు కూడా నేను రాసినట్టే తెలుగులో పెట్టాడు. మర్నాడు పొద్దున నేను చూస్తూ ఉండగా తెరలు ఒకదాని తర్వాత ఒకటి కదిలాయి. అంత పెద్ద ఇల్లు నా రాత ప్రకారం నడుస్తోంది. దాచుకోవడం దేనికి, పొంగిపోయాను. అలవాటు కొద్దీ నేనూ తిరిగేదాన్ని. నేను గది గుమ్మం దగ్గరికి వెళ్లేసరికే తెర దిగడం మొదలయ్యేది. "దించుతున్నా" అని మాత్రం అనేసి, ఉత్త చేతులతో వెనక్కి వచ్చేదాన్ని.

ఫిబ్రవరి ఆఖర్లో షెర్లీ నన్ను పిలిచింది.

"ఇన్వర్టరు సరిపోవడం లేదు పీరాంబీ. కరెంటు పోతే మోటార్లన్నీ ఆగిపోతన్నయ్. పెద్ద బ్యాటరీలు తెప్పిస్తన్నాం. నీ గదైతే షెడ్డు పక్కనే గదా, వైర్లకి దగ్గర."

"మరి నేనో అమ్మా?"

"మీ చెల్లెలి కూతురుంది గదా ఊళ్లోనే. వంటకి దేవిక వస్తది. ఇంక నీకిక్కడ ఏం పనుందో నువ్వే చెప్పు."

ఏం పనుందో నేనే రాసిచ్చాను కదా. టీచరమ్మ గదికి వెళ్లాను. ఆమె బైబిల్ ముందు కూర్చుని ఉంది. కిటికీ తెర సగం ఎత్తి ఉంది. తొమ్మిదిన్నర దాటిందన్నమాట.

"మీకు తెలుసా టీచరమ్మా?"

ఏమిటని అడగలేదు. "క్రిస్మస్ అప్పుడే చెప్పాడు జోయెల్, మోటార్లొస్తే నిన్ను పంపించేస్తామని," అంది.

"తెలిసి నన్ను రాయమన్నారా?"

"చెప్తే నువ్వు రాయవు గదే." పేజీ మీద నుంచి వేలు తీయలేదు. "నా కళ్లకి ఎప్పుడేం కావాలో నీకు తప్ప ఇంకోళ్లకి తెలవదు. అదంతా నీతోపాటే పోతే నా గతేంది?"

"నేను పోకుండా ఉంటే పోదుగా."

"ఇల్లు నాది కాదే ఇప్పుడు. వాళ్లది," అంది. మళ్లీ చదువుకోవడం మొదలుపెట్టింది.

మా ఆయన పనిముట్ల పెట్టె, నా బట్టల పెట్టె షెడ్డులోంచే బయటికి తెచ్చుకున్నాను. జోయెల్ కారు అప్పుడే బట్టీలకు పోయింది. రెండో పెట్టె గడప మీద ఉండగా షట్టరు దిగడం మొదలైంది. పెట్టెకు తగిలి ఆగి, మళ్లీ పైకి పోయింది. పెట్టె లాక్కున్నాక నెమ్మదిగా కిందికంటా వచ్చి మూసుకుంది. రెండు నిమిషాలు. అదీ నా రాతే.

మా చెల్లెలి కూతురు ఆస్మా వాళ్లది మెకానిక్ షెడ్ల వెనక రెండు గదుల ఇల్లు. నాకు వరండాలో మంచం వేసింది. పగలు మిరపకాయలకు తొడిమలు తీసే పనికి కూర్చున్నాను. బస్తాలు ఇంటికే తెచ్చి పడేస్తారు. మొదటి వారం చేతుల మంటకు అన్నం స్పూనుతో తిన్నాను.

ఏప్రిల్ లో ఒక సాయంత్రం జోయెల్ వచ్చాడు. కారు సందులోకి రాదు, నడిచి వచ్చాడు. ఘాటుకు తుమ్ముతూ వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

"అమ్మ అరుస్తంది అక్కా."

"దేనికి?"

"తెర దిగినప్పుడల్లా. 'నా చూపు పోయింది, నా చూపు పోయింది' అని. పరిగెత్తుకెళ్లి లైటేసి చూపిస్తేగానీ నమ్మదు. ప్రభుని పిలిపించా. మెల్లగా దిగేట్టు పెట్టాడు. అది ఇంకా అధ్వాన్నం. చూపు మెల్లమెల్లగా పోతందని ఏడుస్తంది. నువ్వున్నప్పుడు ఎప్పుడూ అరవలేదుగా. ఏం చేసేదానివి? కాగితమంతా వెతికా, ఏం లేదు."

నాకు వెంటనే తెలిసింది. తెర దించే ముందు ప్రతిసారీ "టీచరమ్మా, దించుతున్నా" అనేదాన్ని. ఆమె "ఊఁ, దించవే" అనేది. అప్పుడు తాడు వదిలేదాన్ని. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట చెప్పకుండా దించలేదు. దాచుకుందామని రాయకపోవడం కాదు. అదొక పని అని నాకు తోచనే లేదు. ఎర్రపెన్ను పట్టిన ఆమెకూ తోచలేదు.

"చెప్పి దించేదాన్ని," అన్నాను.

"అంతేనా!" జోయెల్ మొహం విప్పారింది. జేబులోంచి ఫోను తీశాడు. "గదిలో స్పీకరుంది. తెర దిగే ముందు అదే చెప్పేట్టు పెట్టొచ్చు. నీ గొంతుతో ఒక్కసారి చెప్పక్కా, రికార్డు చేసుకుంటా. నీ గొంతైతే అమ్మకి అలవాటు."

ఫోను నా నోటి దగ్గర పెట్టాడు.

"నా గదో?" అన్నాను.

"బ్యాటరీలు పెట్టేశారక్కా. గోడకి బోల్టులు కూడా కొట్టేశారు."

"అయితే ఆ బ్యాటరీలనే చెప్పమను."

లోపల ఆస్మా గిన్నెల చప్పుడు ఆగిపోయింది. జోయెల్ చెయ్యి దించలేదు. "నా కోసం కాదక్కా, అమ్మ కోసం. నీకు అక్షరాలు నేర్పింది."

"నేర్పింది. రాయించుకుంది."

అప్పుడు ఫోను గుర్రుమంది. ఇద్దరం దాని వైపే చూశాం. నేను పెట్టిన పేరే ఉంది దాని మీద. 'టీచరమ్మ గది తూర్పు'. దాని కింద నాలుగు గంటలని అంకె, పక్కన ఏదో ఇంగ్లీషు ముక్క. ఆ ముక్క చదవడం నాకు రాదు. చదవక్కర్లేదు.

"ఇప్పుడు అరుస్తా ఉంటది," అన్నాను.

జోయెల్ లేచాడు. సందు వైపు పరిగెత్తాడు. ఆస్మా తడిచేతులతో గుమ్మంలోకి వచ్చింది.

"ఒక్క మాటే గదా ఖాలా. చెప్తే ఏం పోయింది?"

బస్తాలోంచి ఇంకో దోసెడు కాయలు ముందుకు లాక్కున్నాను. ఎండాకాలంలో ఆ గదికి రోజుకు మూడు దింపుళ్లు. ఏడింటిది పొద్దునే అయింది. నాలుగింటిది ఇప్పుడు అయింది. ఇంక ఆరున్నరది ఉంది.