తగ్గినట్టు తెలిపినవారు

బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున, సరుగుడు తోటల వెనక రొయ్యపిల్లల్ని పుట్టించి పెంచే ఒక హేచరీ ఉంది. బెన్హర్ అందులో టెక్నీషియన్. మిగతావాళ్లంతా చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి పొద్దుగూకేలోపు వెళ్లిపోతారు. అతను మాత్రం పంపుహౌసు పక్కనున్న ఒంటిగది క్వార్టర్‌లో ఉంటాడు. వయసు ముప్పై ఆరు. భార్య అబిగయీలు కోవిడ్ రెండో విడతలో నెల్లూరు ఆసుపత్రిలో పదకొండు రోజులు ఊపిరికోసం కష్టపడి చనిపోయింది. పిల్లలు లేరు. బిట్రగుంటలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, సామాను కావలిలో అక్క లిల్లీ ఇంట్లో పడేసి, అతను ఒడ్డుకు వచ్చేశాడు.

ఆ ఏడాదే సిగరెట్ అలవాటైంది. వాళ్ల నాన్న సమాధానం గారు బతికున్నన్నాళ్లూ చర్చి పెద్ద. ఇంట్లో ఎవరూ బీడీ ముట్టి ఎరగరు. అందుకే బెన్హర్ ఎవరికంటా పడకుండా ట్యాంకుల వెనక నిలబడి కాల్చేవాడు. రొయ్యపిల్లను లారీలో చెన్నై వైపు తీసుకెళ్లే డ్రైవరు ఒకసారి చూసి, ఇది మానాలంటే వేప్ పట్టుకోమని, పెన్ను లాంటి పరికరం ఒకటి తెచ్చిచ్చాడు. అది పొగ కాదు, ఆవిరేనన్నాడు. దాన్ని అమ్మడం దేశంలో నిషేధమని ఇద్దరికీ తెలుసు. మామిడిపండు వాసన వచ్చేది. నెలరోజుల్లో సిగరెట్ పోయింది. వేప్ మిగిలింది.

రెండో ఏడు దగ్గు మొదలైంది. పొద్దున్నే లేవగానే గుండెల్లో ఏదో అడ్డుపడ్డట్టుండేది. బిట్రగుంట చర్చిలో అతనిది మంచి గొంతని పేరు. ఒక ఆదివారం పాటలో మూడో చరణం దగ్గర ఊపిరి చాలక ఆగిపోయాడు. క్వయర్ నడిపే జడ్సన్ గారు వెనక్కి తిరిగి చూశారు. గొంతు పట్టేసిందని చెప్పి తర్వాతి వారం నుంచి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఇంకొన్నాళ్లకు ఆదివారం డ్యూటీ పడిందని చెప్పి, వెళ్లడమే మానేశాడు.

కావలిలో ఊపిరితిత్తుల డాక్టరు పద్మనాభయ్య గారికి చూపించుకున్నాడు. పొగ అలవాటుందా అని ఆయన అడిగితే లేదన్నాడు. అబిగయీలు ఎట్లా పోయిందో ఆయన ముందున్న కేసు కాగితం మీద రాసి ఉంది. ఆ కాగితం చూస్తూ అడిగిన మనిషికి నిజం చెప్పడానికి అతనికి నోరు రాలేదు. నీళ్ల ట్యాంకుల్లో కలిపే క్లోరిన్ వల్ల అయ్యుండొచ్చని ఆయన మందులు రాసి, మాస్కు కట్టుకోమన్నారు.

చెప్పుకోవడానికి చివరికి దొరికింది ఒక ఫోరం. వేప్ వాడేవాళ్లు ప్రపంచం నలుమూలల నుంచి ఇంగ్లీషులో రాసుకునే చోటు. బెన్హర్ అక్కడ ఉప్పుటేరు అని పేరు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక, పని లేని గంటలో ఫోన్‌లో రాసేవాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని రాశాడు. పాడలేకపోతున్నానని, మూడో చరణం దాకా వెళ్లలేకపోతున్నానని రాశాడు. రొయ్యపిల్లను ప్లాస్టిక్ సంచుల్లో పోసి ఆక్సిజన్ పట్టేటప్పుడు ఆ సిలిండరు వైపు చూడలేనని కూడా ఒకసారి రాసి, వెంటనే తీసేశాడు. మొదట్లో ఇద్దరు ముగ్గురు పలికారు. వేప్‌లో పోసే లిక్విడ్ మార్చమన్నారు, నీళ్లు ఎక్కువ తాగమన్నారు. తర్వాత ఒకతను, నీకొచ్చిన ప్రతి జబ్బూ వేప్ మీదకే తోస్తున్నావు, నీలాంటివాళ్ల వల్లే అన్ని దేశాల్లో దీన్ని ఆపేస్తున్నారు అని విసుక్కున్నాడు. దాని కింద పదకొండు మంది ఔనన్నారు.

మర్నాడు బెన్హర్ ఒకే ఒక్క వాక్యం రాశాడు. దగ్గు పోయింది, ఇప్పుడు బాగున్నాను, అందరికీ థాంక్స్ అని. అది అబద్ధం. ఆ తర్వాత అతనక్కడ ఏమీ రాయలేదు. ఊరికే చదివేవాడు.

ఎనిమిది నెలలు గడిచాక ఫోరంలో ఒక ప్రకటన కనిపించింది. సుభాషిణి అనే ఆమె, హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ పరిశోధకురాలు, రాసింది. వేప్ వల్ల శరీరానికి ఏమవుతోందో తెలుసుకోవడానికి తమ బృందం ఈ ఫోరంలో అయిదేళ్లుగా అందరికీ కనపడేట్టు రాసిన పోస్టులన్నీ చదివిందని, ఆసుపత్రికి వెళ్లని వాళ్ల మాట ఇక్కడే దొరుకుతుందని, ముసాయిదా నివేదిక ఇదిగోనని, తాము రాసింది అందులో ఉండొద్దనుకునేవాళ్లు నెలలోపు తెలపాలని దాని సారాంశం. ఫోరంలో గొడవైంది. దొంగచాటుగా చదివారని కొందరు తిట్టి వెళ్లిపోయారు.

బెన్హర్ నివేదిక తెరిచాడు. నలభై పేజీలుంది. ఇరవై రెండో పేజీలో ఒక పట్టిక. వయసు ముప్పైల్లో, పురుషుడు, దక్షిణాసియా తీరప్రాంతం అని ఉన్న వరసలో ఒక మాట కొటేషన్లో ఉంది. ఎక్కువసేపు మాట్లాడలేకపోతున్నాను, మధ్యలోనే ఆగిపోతున్నాను. అది తనే. కానీ తను మాట్లాడటం గురించి రాయలేదు. పాడటం గురించి రాశాడు. అయినా ఆ వరస మళ్లీ మళ్లీ చదివాడు. ఎవరో ఒక మనిషి తను రాసింది మొదట్నుంచీ వరసగా చదివారన్న సంగతి అతనికి నమ్మబుద్ధి కాలేదు. చేతిలోని టీ చల్లారిపోయింది.

అప్పుడు ఆ వరస చివరి గడి చూశాడు. తగ్గినట్టు తెలిపినవారు అని ఉంది. కింద లెక్క. దగ్గుందన్నవాళ్లు రెండు వందల పన్నెండు మంది. తగ్గినట్టు తెలిపినవారు అరవై ఒక్కమంది. ఆ అరవై ఒక్కరిలో తనొకడు.

మూడు రోజులు ఊరుకున్నాడు. నాలుగో రోజు మెయిల్ రాశాడు. నేనే ఉప్పుటేరును, నా దగ్గు తగ్గలేదు, మీరు రాసింది తప్పు, కానీ తప్పు మీది కాదు అని రాసి ఫోన్ నంబరు పెట్టాడు.

సుభాషిణి రెండ్రోజులకు ఫోన్ చేసింది. పేరు చూసి తెలుగువారై ఉంటారనుకున్నానంది. ముందు పట్టికలో మాట గురించి చెప్పింది. ఉన్నదున్నట్టు వేస్తే ఎవరైనా వెతికి మనిషిని పట్టుకోగలరని, అందుకే మాటలు కొంచెం మారుస్తామని. పాడటం అని ఉంచితే తెలిసిపోతుందని తనే తీసేసిందట.

"తగ్గిందని ఎందుకు రాశారండీ?" అని అడిగింది చివరికి.

"ఎవురన్నా అడుగుతారేమోనని రాస్తా వచ్చినానండి. అడిగినోళ్లు గూడా విసుక్కున్నాక ఇంక చాలనిపించింది. బాగుండానని చెప్తే ఎవురికీ ఇబ్బంది ఉండదు గదా."

"మీ పోస్టులు చదివింది నేనే. పాట సంగతి రాసిన రోజు జవాబిద్దామనుకున్నాను. కానీ ఎవరి పోస్టులు చదువుతున్నామో వాళ్లతో మేం మాట్లాడకూడదు. మాట్లాడితే వాళ్లు రాసేది మారిపోతుంది. అది మా నియమం."

ఆమె తన పోస్టు చదువుతూ కూర్చున్న ఒక గది, ఒక బల్ల ఉండి ఉంటాయని బెన్హర్‌కు అప్పుడే తట్టింది. అక్కడొక మనిషి, ఇక్కడొక మనిషి. ఇద్దరూ పలకలేదు.

డాక్టరుకు చూపించుకున్నారా అని ఆమె అడిగింది. చూపించుకున్నానని, అలవాటు సంగతి దాచానని చెప్పాడు.

"ఈసారి దాచకండి. నేను డాక్టర్ని కాను, ఇంతకన్నా చెప్పకూడదు."

అతని అనుమతి తీసుకుని లెక్క సరిచేస్తానంది. మళ్లీ ఫోన్ చేయొచ్చా అని అతను అడిగాడు. నివేదిక విషయంలో ఏదైనా ఉంటే తప్పకుండా చేయమంది. మర్యాదగానే అంది. అతనికి అర్థమైంది.

ఆ గురువారం కావలి వెళ్లి, జేబులోంచి వేప్ తీసి పద్మనాభయ్య గారి బల్ల మీద పెట్టాడు. ఆయన తిట్టలేదు. ఎన్నేళ్లుగా అని అడిగి, గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష చేయించారు. ఊపిరి గొట్టాలు సన్నబడ్డాయని, మానేస్తే కొంత మెరుగుపడొచ్చని, ఎంతన్నది మాత్రం చెప్పలేనని అన్నారు. ఈసారి ఇంట్లోవాళ్లనెవరినైనా తీసుకురమ్మన్నారు.

అటునుంచి అటే లిల్లీ ఇంటికి వెళ్లాడు. లిల్లీ స్కూలు నుంచి అప్పుడే వచ్చి పిల్లల కాపీలు దిద్దుకుంటోంది. నిలబడే అంతా చెప్పాడు. ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"అబిగయీలును చూసినాక గూడానా?" అంది. "ఆ పిల్ల గాలి కోసం ఎట్టా కొట్టుకునిందో నువ్వూ చూసినావు, నేనూ చూసినా."

బెన్హర్ తల వంచుకున్నాడు. చూశాను కాబట్టే నిద్ర పట్టక మొదలుపెట్టానని చెబుదామనుకుని చెప్పలేదు. లిల్లీ లోపలికి వెళ్లి అన్నం పెట్టింది. అతను తింటున్నంతసేపూ వరండాలోనే కూర్చుంది. కానీ తర్వాతి నెల డాక్టరు దగ్గరికి వచ్చింది. ఇద్దరూ బెంచీ మీద గంటసేపు పక్కపక్కనే కూర్చున్నారు.

మానడం తేలిక కాలేదు. రెండుసార్లు డ్రైవరుకు ఫోన్ చేసి తెమ్మన్నాడు. రెండోసారి తెచ్చినప్పుడు వద్దని పంపేశాడు. చేతులకు ఏం చేయాలో తోచక మధ్యాహ్నాలు ట్యాంకుల చుట్టూ నడిచేవాడు.

ఆ రోజుల్లోనే ఫోరంలో నిజం రాశాడు. దగ్గు తగ్గిందని అప్పట్లో రాసింది అబద్ధమని, పరీక్షలో ఏం తేలిందో కూడా. ఈసారి ఎవరూ విసుక్కోలేదు. చాలామంది అప్పటికే వెళ్లిపోయారు. నాలుగు రోజులకు ఒక్కతను రాశాడు. ఏ దేశమో తెలియదు. నీకు తగ్గిందని చదివి నాకూ తగ్గుతుందని ఎదురుచూశాను, ఇంకా వాడుతూనే ఉన్నాను, నాకు రాత్రుళ్లు దగ్గు అని. బెన్హర్ చాలాసేపు ఆలోచించి జవాబిచ్చాడు. క్షమించమని, డాక్టరు దగ్గరికి వెళ్లమని, అక్కడ ఏదీ దాచొద్దని. ఎట్లా ఉన్నావని ఆ తర్వాత వారానికోసారి అడుగుతూ వచ్చాడు. అతను మళ్లీ పలకలేదు. ఆ మనిషి మానేశాడో, చదవడమే మానేశాడో తెలుసుకునే దారి లేదు.

వానాకాలానికి నివేదిక అచ్చయింది. సుభాషిణి లింకు పంపి, కృతజ్ఞతలని ఒక మాట రాసింది. లెక్క అరవైకి దిగింది. తగ్గిందని రాసేవాళ్లంతా నిజంగా తగ్గినవాళ్లు కాకపోవచ్చని కింద చిన్న అక్షరాల్లో కలిపారు. అతనూ థాంక్స్ అని రాశాడు. అంతటితో ఆ ఉత్తరాలు ఆగిపోయాయి.

అప్పటికి వేప్ మాని నాలుగు నెలలు. పరీక్షలో ఊపిరి కొంచెం మెరుగని తేలింది. ఒక ఆదివారం మధ్యాహ్నం సముద్రం మీద గాలి ఎక్కువగా ఉంది. హేచరీలో వాచ్‌మన్ కూడా లేడు. లిల్లీ ఫోన్ చేసింది. వేప్ సంగతి తెలిశాక ఆమె తనంతట తను ఫోన్ చేయడం అదే మొదలు.

"దగ్గు ఎట్టా ఉంది?"

"ఉందక్కా. పొద్దున పూట ఉండాది. మెట్లెక్కితే ఆయాసం తగ్గలా."

ఆమె ఊఁ అంది. తర్వాత, అతని సామానులో అబిగయీలు చీరల పెట్టె ఉందని, చెదలు పడతాయేమోనని, ఒకసారి వచ్చి చూసి ఏం చేయాలో చెప్పమని అడిగింది. వచ్చే ఆదివారం వస్తానన్నాడు. ఫోన్ పెట్టేసి, మూడో ట్యాంకులో నీళ్లు మార్చే వేళైందని లేచాడు.