నలభై ఆరు నుంచి తొమ్మిదికి

నలభై ఆరున్న స్కోరు తొమ్మిదికి పడిపోయింది. యూనివర్సిటీలో తన శాఖ సైటు చూసేది వనజ కాబట్టి నేరం కూడా వనజదే అయింది.

"ఏందమ్మా వనజా ఇది? ఆరేండ్ల సంది నువ్వే చూస్తున్నవ్ గద!" శాఖాధిపతి భూపాల్ కాగితాన్ని బల్ల మీదికి విసిరాడు. "సోమవారంతోని నీ కాంట్రాక్టు అయిపోతది, ఆ దినమే ఫైలు కమిటీ ముంగటికి పోతది. సాయంత్రంలోపట ఈ ఫారంల కారణం రాసియ్యి. నీ తప్పైతే ఒప్పుకో, నేను చెప్పి చూస్త."

'నీ తప్పైతే' అన్నాడే గానీ, తప్పు ఆమెదేనని ఎప్పుడో తేల్చేసుకున్నాడు. వనజకు అరికాలి మంట నెత్తికెక్కింది. పల్లెల్లో, బస్తీల్లో తిరిగి జనం నోటి మాటలు నాలుగు వేలకు పైగా రికార్డు చేసి, మాటకో పేజీ చొప్పున కట్టిన సైటు అది. ఎక్కడెక్కడి లైబ్రరీలూ వాటిని మెచ్చి తమ సైట్లలో లింకులు పెట్టుకున్నాయి. నలుగురు పెద్దమనుషులు మంచిగా చెబితే ఊళ్లో పేరొచ్చినట్టే, మంచి సైట్లు లింకిస్తే ఈ అథారిటీ స్కోరు పెరుగుతుంది. సెర్చ్‌లో సైటు ఎంత పైన కనబడగలదో చెప్పే అంచనా అది. ఇన్నాళ్లూ ఆ నలభై ఆరును ప్రతి మీటింగులో తన గొప్పగా చెప్పుకున్నది భూపాలే. పెరిగితే సారుది, తగ్గితే వనజది. బాగుంది న్యాయం!

పళ్లు కొరుక్కుంటూ కంప్యూటర్ ముందు కూర్చుంది. లెక్కగట్టే కంపెనీయే పద్ధతి మార్చిందేమోనని పక్క శాఖల సైట్లు చూసింది. వాటి స్కోర్లు చెక్కుచెదరలేదు. ఎవరైనా చెత్త లింకులు అంటగట్టారేమోనని జల్లెడ పట్టింది. అదీ లేదు. చివరికి పోయిన లింకుల జాబితా తెరిస్తే రెండు వందల పన్నెండు తేలాయి. అన్నీ జులై పద్నాలుగు తర్వాత పోయినవే.

ఒక లైబ్రరీ సైటుకు వెళ్లి చూసింది. లింకు ఉన్నచోటనే ఉంది, పాపం. నొక్కితే మాత్రం 'ఈ పేజీ లేదు' అని వచ్చింది. ఇంకోటి నొక్కింది. అదీ అంతే. కొత్త డిజైనులో ప్రతి పేజీ అడ్రసూ మారిపోయింది. శాఖ సైటు తెరిచి లోపల తిరిగేవాళ్లకు అన్నీ కనిపిస్తున్నాయి గనక ఎవరికీ అనుమానం రాలేదు. బయటి నుంచి వచ్చేవాళ్లకే తలుపులు మూసుకుపోయాయి.

జులై పద్నాలుగున కొత్త సైటు ప్రారంభోత్సవం జరిగింది. దానికి ముందూ వెనకా కలిపి పదిహేను రోజులు వనజ లాలాగూడలో ఉంది, రైల్వే వర్క్‌షాపులో రిటైరైన వెంకటనర్సయ్య తాత నిరుడు చెప్పగా మిగిలిన పనిముట్ల పేర్లు రికార్డు చేస్తూ.

ఆటో ఎక్కి తార్నాకకు పోయింది. కోచింగ్ సెంటర్ పైన మూడో అంతస్తులో ఉంటాడు, సైటు కట్టిన కాంట్రాక్టర్ దివాకర్.

"పాత అడ్రసుల నుంచి కొత్త పేజీలకు దారి ఎందుకు పెట్టలే?" కుర్చీలో కూర్చోకుండానే అడిగింది.

"పెడ్తానన్న మేడం. సారే వద్దన్నరు."

"ఎందుకు?"

"ఓపెనింగ్ ఉండె గద. పాతది నడుస్తుండంగ కొత్తదానికి రిబ్బన్ ఏం కట్ చేస్తం, వచ్చినోళ్లు నవ్వుతరు, పాతది ఆనవాలు లేకుంట తీసెయ్ అన్నరు. గిదిగో, మెసేజ్ గూడ ఉన్నది."

చదివింది. ఆయన మాటలే, ఆయన నంబరే.

"నాకొక్క ఫోన్ కొడితే నీ సొమ్మేం పోయేది?"

"మీరు డిపార్ట్‌మెంట్ల లేరన్నరు మేడం."

"లేను! లాలాగూడల ఉన్న. మీరు ఊడగొట్టిన సైటుకే మాటలు ఏరుకొస్తున్న. ఇప్పుడే పెట్టు ఆ దారి, నా ముంగట."

పది నిమిషాలు పట్టింది. పది నిమిషాలంటే పదే! లైబ్రరీ లింకు మళ్లీ నొక్కితే వెంకటనర్సయ్య తాత దగ్గుకుంటూ సుత్తుల పేర్లు చెప్పడం వినిపించింది. వనజకు కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మెసేజ్ తన ఫోనుకు పంపించుకుంది.

సాయంత్రం ఆమె చెప్పిందంతా విని భూపాల్ గొంతు తగ్గించాడు.

"అయిందేదో అయింది. 'కాంట్రాక్టు సిబ్బంది పొరపాటు' అని రాయి. రెన్యూవల్ సంగతి నేను చూసుకుంట."

"పొరపాటు నాదని నేనే రాయాలె, మీరు దయతోని నన్ను ఉంచుకోవాలె. గంతేనా సార్?"

"గట్ల మాట్లాడకు. ఉద్యోగం కావాలా, వద్దా?"

కావాలి. అడిక్‌మెట్ గదిలో తమ్ముడు చదువుకుంటున్నాడు, ఊళ్లో అమ్మ ఈమె మీదే ఆధారపడి ఉంది. ఆయన తల వెనక గోడ మీద ఫ్రేము కట్టిన ఫొటోలో అదే భూపాల్, చేతిలో కత్తెర, మెడలో దండ, నోటి నిండా నవ్వు.

వనజ ఫారం లాక్కుని, 'స్కోరు పతనానికి కారణం' అన్న గడిలో 'ప్రారంభోత్సవం' అని రాసింది. సంతకం పెట్టింది. వెంట తెచ్చిన మెసేజ్ ప్రింటు వెనక జతచేసి, పిన్ను కొట్టి, రెంటినీ ఫోనులో ఫొటో తీసి పంపి, ఆయన ముందుకు తోసింది.

"దీని కాపీ కమిటీల అందరికీ మెయిల్ పెట్టిన సార్."

భూపాల్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఫారం తిరగేసి తన మెసేజ్ తనే చదువుకున్నాడు.

"మరి స్కోరు... మల్ల ఎప్పుడు లేస్తది?"

"నాలుగైదు నెలలన్న పడ్తది. దినాం ఒకరు కనిపెట్టుకొని ఉండాలె." బ్యాగు భుజానికి తగిలించుకుంది. "నా కాంట్రాక్టు సోమవారం దాంకనే ఉన్నది సార్."