మా నాయిన మనసులో మొక్కిన మొక్కు

మా నాయిన దశరథం గుసగుసలాడితే సూరత్‌ వడోద్‌లో మా గల్లీ మొత్తానికి వినిపిస్తుంది. పాతికేళ్లు అక్కడి మరమగ్గాల మధ్య బట్ట నేసి, ఆ మోతకు చెవులు పోగొట్టుకున్నాడు. మరమగ్గాలను సాంచెలంటాం మేము. పైగా తన గొంతు మహా మెత్తనిదని ఆయన నమ్మకం.

రెండు వేల నాలుగు వానాకాలంలో మా అమ్మ ఐలమ్మకు జ్వరం మెదడుకెక్కింది. మూడు రోజులుగా ఆసుపత్రిలో కళ్లు తెరవలేదు. "సాయంత్రం దాకా చూద్దాం, ఆపైన మా చేతుల్లో లేదు" అన్నాడు డాక్టర్‌ పొద్దున్నే.

నాయిన గది బయట గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, మనసులో మొక్కుకోవడం మొదలుపెట్టాడు. మనసులోనే అని ఆయన అనుకున్నాడు.

"వేములాడ రాజన్నా! మా ఐలమ్మను తీస్కపోకయ్యా. నీ గుడికాడ కోడెను కట్టి మొక్కు చెల్లిస్త. దాన్ని ఎన్నడు మంచిగ పిల్వలే. కూరల ఉప్పు తక్కువైతే కంచం ఇసిరేసిన. తప్పైంది. అది లేకుంటే నాకు ఇల్లు తెల్వదు, ఊరు తెల్వదు. జర దయ సూపు, రాజన్నా!"

వరండాలో అందరి తలలూ మావైపు తిరిగాయి. "ధీమే బోలో, కాకా!" అని, మెల్లగా మాట్లాడమంటూ పరుగెత్తుకొచ్చిన నర్సు ఆయన చెంపల మీద నీళ్లు చూసి ఆగిపోయింది. పక్కనున్న గుజరాతీ ముసలమ్మ ఏమంటున్నాడని నన్ను హిందీలో అడిగింది. అమ్మ కోసం మొక్కుతున్నాడని చెప్పాను. ఆవిడ ఇంకేం అడగకుండా తనూ చేతులు జోడించింది. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. పుట్టి ఇరవై ఏళ్లయినా ఆయన నోట అమ్మ గురించి ఒక్క మంచి మాట విన్నదాన్ని కాదు.

సాయంత్రం ఐదింటికి అమ్మ కళ్లు తెరిచింది. మమ్మల్ని లోపలికి పిలిచారు. పెదవులు కదులుతున్నాయి గాని మాట పెగలడం లేదు. డాక్టర్‌ వంగి విన్నాడు, నేను చెవి ఆనించాను, ఒక్క ముక్కా అందలేదు. నొప్పేమో, దాహమేమో అని నేను కంగారుపడుతుంటే నాయిన నన్ను పక్కకు జరిపాడు. సాంచెల మోతలో పనిచేసేవాళ్లు ఒకరి పెదవులు ఒకరు చూసే మాట్లాడుకుంటారు. అమ్మ కూడా అక్కడే కండెలకు నూలు చుట్టింది.

నాయిన ఆమె పెదవుల వంకే చూశాడు. ఏడుస్తూనే నవ్వేశాడు.

"ఏమంటుంది నాయినా?"

"అంతా ఇన్నదంట బిడ్డా! జర మెల్లగ మొక్కుమంటంది" అన్నాడు ఆసుపత్రి దద్దరిల్లేలా. "దేవునికేం చెవుడు లేదంట."