వెనెరమ్మ వెనుదిరగదు

వీధికి అడ్డంగా గోడ లేస్తోందన్న సంగతి చెవిన పడిన నాడే మఠాధ్యక్షురాలు సెరఫీన తమ్ముడికి కబురు పంపింది. ఆ గోడ కట్టిస్తున్నది ఆమె తమ్ముడే. అతని పేరు డోన్ బ్లాస్కో, రొక్కవెనెరా పట్టణాన్ని ఏలే బారన్. అతడు తీరిక చిక్కినప్పుడు వచ్చి, సందర్శన గదిలో ఇనుప జాలీకి అవతల కూర్చుని, మఠంలో చేసిన బాదం మిఠాయి నములుతూ అక్క మాట కోసం ఎదురుచూశాడు.

"గోడ ఎందుకురా?"

"ఇల్లన్నాక గోడ ఉండదా అక్కా?"

"అది ఇంటికి కాదు, వీధికి కడుతున్నావు."

"భవనం ఇటువైపుంది, తోట అటువైపు వస్తోంది. మధ్యలో సున్నపు బట్టీవాళ్ల మేకలు తిరగాలా? కింది పేట కల్కారా వాళ్లకు లోయ దారి ఉందిగా."

"ఆ దారిన గాడిద కూడా తడబడుతుంది."

"వీళ్లు గాడిదకన్నా తెలివైనవాళ్లు. అలవాటు పడతారు."

సెరఫీనకు పాత పట్టణం కూలిన రోజు గుర్తొచ్చింది. భూకంపం వచ్చిన జనవరి నాటికి బ్లాస్కో ఉయ్యాలలో పిల్లవాడు. ఆమె మాత్రం అప్పుడే మఠంలో చేరిన కన్య. కొండమీది పాత పట్టణంలో జనం చనిపోయింది ఇళ్లలో కాదు. చాలామంది బయటికి పరుగెత్తగలిగారు. పరుగెత్తి, ఇరుకు సందుల్లో ఒకరినొకరు తోసుకుంటూ నిలిచిపోయారు. రెండు వైపుల గోడలూ వాళ్లమీదే పడ్డాయి. మఠపు రాళ్ల కింద నుంచి సెరఫీనను లాగి బయట వేసింది కల్కారా పేటలోని ఒక బట్టీ మనిషి భార్య. సున్నానికి పగిలిన ఆ చేతుల గరుకుదనం ఈమె మణికట్టుకు ఇంకా జ్ఞాపకమే.

ఆ తరువాత ప్రభువులూ కూలీలూ ఒకే మైదానంలో గుడిసెలు వేసుకుని బతికారు. శిథిలాల్లో చెక్కుచెదరకుండా దొరికిన పునీత వెనెరా విగ్రహాన్ని మధ్యలో నిలిపి, ఆమె పాదాలమీద చెయ్యి వేసి అందరూ ప్రమాణం చేశారు: కొత్త పట్టణంలో కింది పేట నుంచి పై చౌకు దాకా వెడల్పైన తిన్నని వీధి ఉంటుంది, భూమి మళ్లీ కదిలితే ఎవరైనా సరే, ఆ వీధిన పరుగెత్తి ఆరుబయట నిలబడవచ్చు. మొదట చెయ్యి వేసినవాడు వీళ్ల తండ్రి. ఇప్పుడు తేనె రంగు రాతితో, పొట్ట ఉబ్బిన ఇనుప కటకటాల పైవసారాలతో, వాటిని మోస్తూ పళ్లికిలించే రాతి మొహాలతో పట్టణం వెలిగిపోతోంది. దాని సున్నమంతా కల్కారాలో కాలినది. దాని రాళ్లన్నీ కల్కారా వీపులమీద ఎక్కినవి.

"నాన్నగారు మాటిచ్చారు," అంది సెరఫీన.

"నాన్నగారు గుడిసెలో ఉండి ఇచ్చారు. గుడిసెలో ఎవరైనా ఇస్తారు."

"మరి వెనెరమ్మ ఏ దారిన పైకి వస్తుంది? కొత్త గుడి పూర్తయింది. ఈ జులైలో ఆమె కింది పేట పాక విడిచి రావాలి కదా."

"ఆవిడ కోసం గోడలో ద్వారం పెట్టిస్తున్నాను, పైన మన వంశ చిహ్నంతో. ఏటా పండగనాడు తలుపులు తీస్తారు, మర్నాడు వేస్తారు."

సెరఫీన కళ్లు దించుకుని మాట మార్చింది.

"పొరుగూరు పెట్రాల్బా వాళ్లు తమ పునీతుడికి కొత్త పల్లకి చేయించారట. మేడల వసారాలకు తగిలేంత ఎత్తట."

బ్లాస్కో నమలడం ఆపాడు. "ఎవరన్నారు?"

"మిఠాయి కొనడానికొచ్చిన పెట్రాల్బా వాళ్లే. రొక్కవెనెరా వాళ్లు తమ తల్లిని కోడిపెట్టలా బుట్టలో మోస్తారని కూడా అన్నారు."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ మాటలు ఆమె నిజంగానే విన్నది. అయితే తమ్ముణ్ణి ఉయ్యాలనాటి నుంచీ ఎరిగినది కూడా ఆమే: అతడు ద్వారాన్ని తన భవనానికి తగినట్టు కట్టిస్తాడు, పల్లకిని పెట్రాల్బాకు తగినట్టు చేయిస్తాడు. రెంటినీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడడం అతనికే కాదు, ఆ పట్టణంలో ఏ ప్రభువుకూ తోచని పని.

పల్లకి వచ్చింది. స్తంభాలకు వెండి రేకు, పైన గొడుగు, నాలుగు మూలలా రెక్కలు చాచి బాకాలూదే దేవదూతలు. పండగ దగ్గరపడ్డాక, పల్లకి మోసేవాళ్ల పెద్ద, మేస్త్రి జెర్లాండో, కన్యలు ముఖం చూపకుండా సరుకులు అందించే మఠం తిరుగుడు పెట్టె దగ్గరికి వచ్చి చెక్క వెనక నుంచి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అమ్మగారూ, పల్లకి చూశాను. ద్వారమూ చూశాను. అందులోంచి ఇది పట్టదు. దొరగారికి చెప్పమంటారా?"

"దొరగారు నిన్నడిగారా?"

"నన్నెప్పుడడిగారు గనక."

"అడిగితే నిజం చెప్పు. అడక్కపోతే మొయ్యి."

చెక్క అవతల చిన్న నవ్వు వినిపించింది. "మా భుజాలు పచ్చిపుండవుతాయే."

"నూనె పంపిస్తాను."

రొక్కవెనెరాలో కొన్ని కట్టుబాట్లకు చర్చ లేదు. వెనెరమ్మ ఒకసారి భుజాలకెక్కాక వెనుదిరగదు. పల్లకి ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యదు. ఆమెను అలంకరించేది మఠ కన్యలు; వాళ్లు అలంకరించాక ఆ కిరీటాన్ని గానీ గొడుగును గానీ మరొకరు ముట్టరు. సాయంకాలపు ప్రార్థన గంట మోగేలోపల ఆమె గుడి చేరకపోతే ఆ ఏటి పండగ లెక్కలోకి రాదు.

పండగనాడు సెరఫీన, మిగతా కన్యలూ మఠం పైవసారాలో చెక్క జాలీ వెనక నిలబడ్డారు. గోడ సరిగ్గా వాళ్ల కిందే ఉంది. కల్కారా మగవాళ్లు ఉత్త పాదాలతో పల్లకిని మోసుకొచ్చారు. వెనక పేటంతా కదిలి వచ్చింది. పక్క మెట్లమీద పెట్రాల్బా వాళ్లు కొత్త పల్లకి అందం ఎంచడానికి కిక్కిరిసి కూర్చున్నారు. దేవదూత బాకా వంశ చిహ్నానికి తగిలి ఖంగుమంది. పల్లకి ఆగింది.

మఖమల్ చొక్కాలో బ్లాస్కో ముందుకొచ్చాడు. "కొంచెం వంచండయ్యా."

"మేం వంగాం దొరగారూ. వెనెరమ్మే వంగలేదు," అన్నాడు జెర్లాండో.

"అయితే వెనక్కి తిప్పి, లోయ దారిన తీసుకురండి."

 జనంలోంచి ఒక ముసలామె తాపీగా అంది: "వెనక్కట. ఆ మాట వినుంటే మీ నాన్నగారు ఇంకోసారి పోయేవారు, బాబూ."

మోసేవాళ్లు పల్లకిని నేలమీద దించి, దాని చుట్టూ కూర్చున్నారు. మెట్లమీద నుంచి పెట్రాల్బా గొంతు ఒకటి లేచింది: "ఏం రొక్కవెనెరా, కోడిపెట్ట లావెక్కిందా, బుట్ట తలుపు చిక్కిపోయిందా?" మెట్లన్నీ పగలబడి నవ్వాయి. పైన కొత్త గుడి ముందు బిషప్పు ప్రతినిధి ఎండలో నిలబడి ఉన్నాడు. ఎండ వాలుతోంది.

బ్లాస్కో తలెత్తాడు. "అక్కా, నీ కన్యల్ని పంపు. కిరీటం, గొడుగు తీయించు. లోపలికి వచ్చాక మళ్లీ పెట్టుకోవచ్చు."

సెరఫీన గొంతు వీధి ఏనాడూ వినలేదు. ఇప్పుడు విన్నది.

"నడివీధిలో ఆమె కిరీటం దించే అధికారం నాకు లేదు. గోడ దించే అధికారం నీకుంది."

"సరే, ద్వారం ఒక్కటీ పగలగొట్టిస్తాను. పండగయ్యాక..."

"పండగయ్యాక మళ్లీ కట్టిస్తావు. అది చాలదు. గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా పోవాలి, మళ్లీ లేవకూడదు. నాన్నగారు చెయ్యి పెట్టిన పాదాలు నీ ఎదటే ఉన్నాయి. పెట్రాల్బా వాళ్లు సాక్షులుగా ఉంటారు, వాళ్లు మరిచిపోయేవాళ్లు కాదు."

అతడు గోడను చూశాడు, మెట్లను చూశాడు. పల్లకి చుట్టూ కూర్చున్నవాళ్లను చూశాడు. వాళ్లలో ఎవ్వరూ బతిమాలడం లేదు, తిట్టడం లేదు, రాత్రయినా అక్కడే ఉండేలా కూర్చున్నారు. చాలాసేపటికి అతడు టోపీ తీసి, వంగి, చెక్క పాదాలమీద చెయ్యి వేశాడు. పలికింది సన్నగానే, అయినా వీధంతా విన్నది. "ఈ వీధి అందరిదీ. మా వంశంలో ఎవరూ దీన్ని మూయరు."

జెర్లాండో అతని చేతికి గునపం అందించాడు. "మొదటి దెబ్బ యజమానిదే దొరగారూ. శిథిలాలప్పటి నుంచీ అదే పద్ధతి."

బ్లాస్కో కొట్టాడు. చిన్న పెచ్చు రాలింది. ఎవరూ నవ్వలేదు. ఆపైన కల్కారా లేచింది. సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. కట్టిన చేతులే విప్పుతుంటే రాళ్లు మాట విన్నట్టు ఊడివచ్చాయి. ఆడవాళ్లు కొంగుల్లో మోసి పక్కకు చేర్చారు. చూసి చూసి పెట్రాల్బా వాళ్లూ కోట్లు విప్పి దిగారు. "పల్లకి మాదానికన్నా పెద్దదేలే," అని ఒకడు గొణిగాడు. "ఒప్పుకోక తప్పదు."

వెనెరమ్మ లేచింది. రాతి పొడిలో ఉత్త పాదాలు ముందుకు పడ్డాయి, తరువాత వేగం అందుకున్నాయి. చివరి ఎత్తును మోసేవాళ్లు ఆచారం ప్రకారం పరుగున ఎక్కారు. ప్రార్థన వేళ ఇంకా కాకముందే ఆమెకు స్వాగతంగా గుడి గంటలు మోగసాగాయి. ముసలివాళ్లు, బాలింతలు, మేకలతో సహా కల్కారా అంతా ఆమె వెంట తిన్నగా వెళ్లి చౌకులో నిలిచింది. అక్కడ అందరికీ చోటు సరిపోయింది.

సెరఫీన జాలీకి ముఖం ఆనించి చూసింది. కింద సున్నపు బట్టీల పొగ నుంచి పైన గుడి మెట్ల దాకా ఆమె చూపు ఎక్కడా ఆగలేదు.