ఇంకా ముప్పయ్యో తారీఖే

పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడని అందరూ నవలమ్మ అంటున్నారు. ఆ పేరు ఈ నెలలోనే వచ్చింది. పొద్దున ఐదింటికి లేచి వంటగట్టు మీద కుక్కర్ పక్కనే నోటుపుస్తకం తెరుస్తుంది. కూత కూతకీ ఒక పేరా. క్లినిక్‌లో ఒక పన్నుకీ ఇంకో పన్నుకీ మధ్య మరో పేజీ. ఒకటో తారీఖున మొదలుపెట్టి ముప్పయ్యో తారీఖుకి నవల ముగిస్తానని నలుగురి ముందూ మాటిచ్చింది. నలుగురూ నవ్వారు. పాతికేళ్లుగా "ఎప్పటికైనా ఒక నవల రాస్తాను" అంటూ వచ్చిన మనిషి మరి.

ముప్పయ్యో తారీఖుకి ఒక్క చివరి అధ్యాయం మిగిలింది. అది రాయకుండానే పుస్తకం మూసి పడుకుంది. తెల్లారి చూస్తే మళ్లీ ముప్పయ్యో తారీఖే.

ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నెలలో నవల రాస్తానని మాటిచ్చాక ఆ నవల పూర్తయ్యేదాకా నెల పూర్తి కాదు, అందరికీ తెలిసిందే. పోయినేడు వెనకవీధి పెయింటరు తన నవలలో కథానాయికని ఎవరికిచ్చి పెళ్లి చెయ్యాలో తేలక పదకొండు రోజులు లాగాడు. ఇప్పుడూ అంతే. పాలు వస్తున్నాయి, బస్సులు నడుస్తున్నాయి, గోళ్లు పెరుగుతున్నాయి. తేదీ మాత్రం కదలడం లేదు.

ఇబ్బందల్లా ఒకటో తారీఖుకి అపాయింట్‌మెంట్ తీసుకున్నవాళ్లకే. బుగ్గలు పట్టుకుని రోజూ వచ్చి, తేదీ చూసి, మూలుగుతూ వెళ్లిపోయేవారు.

"నవలమ్మా, ఇంకెన్ని పేజీలు?" అని అడిగేవాడు డాక్టరు. "పన్ను పీకడం నా చేతిలో ఉంది గానీ ఒకటో తారీఖు నీ చేతిలో ఉంది."

"రాస్తున్నానండీ."

పచ్చి అబద్ధం. ఒక్క ముక్క రాయడం లేదు. కారణం ఇంట్లో ఉంది. ఆమె భర్త ముప్పయ్యో తారీఖుతో రిటైరవ్వాలి. పోస్టాఫీసులో ఉత్తరాలు వీధులవారీగా విడదీసే పని, ముప్పై ఆరేళ్లు. ఎంత కోడి కెలికినట్టున్న రాతైనా ఇట్టే చదివేస్తాడు. ఇంట్లో కంటే ఆ బల్ల దగ్గరే ఎక్కువ బతికాడు. రిటైర్మెంటు మాటెత్తితే ఆయనకి ముద్ద దిగేది కాదు.

మొదటి ముప్పయ్యో తారీఖు సాయంత్రం ఆఫీసులో వీడ్కోలు సభ పెట్టి, పోస్టుమాస్టరు కళ్లు తుడుచుకుని, గోడగడియారం బహూకరించాడు. మర్నాడూ అదే తేదీ కావడంతో భర్త ఆ గడియారం చంకలో పెట్టుకుని మళ్లీ డ్యూటీకి వెళ్లాడు. సాయంత్రం మళ్లీ సభ, మళ్లీ గడియారం. ఆ రాత్రి భోంచేస్తూ, పళ్లెంలోంచి తలెత్తకుండా భార్యతో అన్నాడు.

"నువ్వు నిదానంగా రాసుకో. కొంపలేం మునిగిపోవు."

ఆమె పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా అయింది. నవలలో ఒక గూడ్సుబండి గార్డు తన ఆఖరి ట్రిప్పులో ఉన్నాడు. అతను ఎక్కడ దిగుతాడో రాస్తే అయిపోతుంది. ఆ గార్డు ఎవరో ఆమెకి తెలుసు. తన చేత్తోనే మొగుణ్ణి కుర్చీలోంచి లేపినట్టుంటుందని భయం. పాతికేళ్లు కలగన్న పుస్తకం ఒక్క అధ్యాయం దూరంలో ఆగిపోయిందని దుఃఖం. రెండూ ఎవరికీ చెప్పుకోలేక కూరలు మాడ్చేది.

ఐదో సభకి పోస్టుమాస్టరు దగ్గర పొగడ్తలు అయిపోయి, ఉన్న మాటలు బయటికొచ్చాయి. "ఈయన పనిమంతుడే గానీ, ఎవరికీ పని నేర్పడు."

ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. ఆయన స్థానంలోకి బదిలీ మీద వచ్చిన అమ్మాయి అప్పటికి ఐదు రోజులుగా పక్కనే స్టూలు మీద ఊరికే కూర్చుని ఉంది. ఆరో రోజు ఆమెతో తొలిసారి మాట్లాడాడు. "ఇలా జరుగమ్మాయ్. ఈ రాత చూడు."

అక్కణ్ణుంచి ఇంటికి రాగానే ఆ అమ్మాయి ముచ్చట్లే. ఇవాళ ఇంటి నంబరు లేని కార్డు ఎవరిదో చెప్పేసిందట, ఇవాళ రెండు కట్టలు ఒక్కతే విడదీసిందట.

ఇరవై రెండో ముప్పయ్యో తారీఖున ఆయన మధ్యాహ్నం మూడింటికే ఇంటికొచ్చాడు. ఆమె అప్పుడే క్లినిక్ నుంచి భోజనానికి వచ్చి ఉంది.

"ఏమండీ, ఒంట్లో బాలేదా?"

"వానకి తడిసి అలికిపోయిన ఉత్తరం ఒకటి వచ్చింది. అరగంట చూశాను, నావల్ల కాలేదు. ఆ పిల్ల కవరు వెనక్కి తిప్పి, కలం నొక్కిన గుర్తులు వేలితో తడిమి చదివేసింది." చెప్పులు విప్పి, "అది నేను నేర్పింది కాదు," అన్నాడు. గొంతులో ఏడుపూ ఉంది, గర్వమూ ఉంది.

ఆమె మంచినీళ్లిచ్చింది. ఆయన తాగి, గ్లాసు పక్కన పెట్టాడు.

"నీ గార్డు ఎక్కడ దిగుతాడు?"

"తెలిస్తే రాసేదాన్నిగా."

"నాకోసం ఆపావు. నా పిరికితనం నీ పుస్తకానికి అడ్డుపడింది. నాకు తెలిసీ ఊరుకున్నాను."

ఆమెకి కళ్లనీళ్లు ఆగలేదు. ఆయన నోటుపుస్తకం తెచ్చి ముందు పెట్టాడు.

"సిగ్నల్ కోసం ఆ బండి రోజూ పది నిమిషాలు ఆగే చోటు ఒకటుంటుంది కదా, చుట్టూ గడ్డి తప్ప ఏమీ ఉండదు. అన్నేళ్లూ పెట్టెలోంచి చూడ్డమే. అక్కడ దింపెయ్."

"దిగి ఏం చేస్తాడు?"

"నాకేం తెలుసు? ముందు దిగనీ."

ఆమె ఆ పూట క్లినిక్‌కి వెళ్లలేదు. దీపాలు పెట్టే వేళకి గార్డు దిగాడు, బండి కదిలింది, నవల ముగిసింది.

మర్నాడు ఒకటో తారీఖు. బస్టాపులో సగం మంది బుగ్గలు పట్టుకుని నిలబడ్డారు, ఆమెని చూసి దణ్ణం పెట్టినంత పని చేశారు. సాగనంపుతానని వెంట వచ్చిన భర్త, బస్సు రాగానే తనూ ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాడు.

"మీరెక్కడికి?"

ఆయన జవాబు చెప్పకముందే కండక్టరు వచ్చి అదే అడిగాడు. ఆయన ఆఖరి స్టాపు అవతలి వీధి పేరు చెప్పాడు.

"అక్కడ మీవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగింది ఆమె.

"ఎవరూ లేరు. ముప్పై ఆరేళ్లుగా కవర్ల మీద ఆ పేరు చదువుతున్నాను. ఎలా ఉంటుందో ఒకసారి చూసొస్తాను," అన్నాడు.